‘రుజువు లేకుండా ఎలా చెప్తాం మేడమ్?’

ఊళ్లో పిల్లల రక్షణ గురించి మేం మీటింగ్ పెట్టి, ‘పిల్లల మీద ఏదైనా అఘాయిత్యం జరుగుతోందని అనుమానం వస్తే చెప్పండి’ అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసే అపోహ ఇదే.

రుజువు వెతకాల్సింది పోలీసులు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాల్సిందే. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. తెలిసీ దాచిపెడితేనే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఒక బడిలో నాలుగో తరగతి పాప సాయంత్రం బెల్ కొట్టినా ఇంటికి కదిలేది కాదు, వరండాలో స్తంభం పట్టుకుని నిలబడేది. టీచరమ్మకు అనుమానం వచ్చింది. ఖాయం చేసుకుందామని తను అడిగారు, తర్వాత హెడ్మాస్టరు అడిగారు, చివరికి పాప బాబాయిని పిలిపించి అడిగారు. పాప భయమంతా ఆ బాబాయంటేనే! మర్నాటి నుంచి పాప బడికి రాలేదు. మాకు కబురు అందేసరికి వేరే ఊరు పంపేశారు, వెతకడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ టీచరమ్మ చెడ్డవారేం కాదు. నా ముందు కూర్చుని ఏడ్చారు.

పైగా పదిమంది పదిసార్లు అడిగితే పాప చెప్పేది తలోరకంగా ఉంటుంది, రేపు కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. ఏదైనా చెబితే వినండి, తన మాటల్లోనే రాసుకోండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న పుకారొకటి. పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, ఆ పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. ఇక మగపిల్లలకేం కాదంటారా? చట్టం వాళ్లకీ ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లే చేస్తారంటారా? 2007లో కేంద్రం చేయించిన అధ్యయనంలో సగం మంది తెలిసినవాళ్లే.

‘ఫోన్ చేస్తే బిడ్డని హోమ్‌లో పడేస్తారు’ అన్న టెన్షన్ మాత్రం నాకు అర్థమవుతుంది. చట్టంలో హోమ్ ఆఖరి దారి. మిరప కోతలకు పోతూ మూడేళ్లవాడిని లోపల పెట్టి తాళం వేసేది ఒకామె. పక్కింటామె వారం రోజులు జంకి, ఫోన్ చేసింది. పిల్లాణ్ణి అంగన్‌వాడీలో చేర్పించాం, అంతే. ఫోన్ ఎవరు చేశారో మేం చెప్పలేదు, పక్కింటామే ఉండబట్టలేక చెప్పేసుకుంది. ఓ నెల మాటల్లేవు. ఇప్పుడు కోతలకు పోతూ ఆ తల్లి తాళంచెవి ఇచ్చేది ఆమెకే.