సిమెంటు లేని గట్టు ఎందుకు నిలుస్తుంది?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మా వైపు కొండల్లో సవర గిరిజనులు వరి మళ్లకు కట్టుకున్న రాతి గట్లలో సున్నమూ ఉండదు, సిమెంటూ ఉండదు. అయినా అన్ని వానలకు అవి ఎలా ఆగుతున్నాయి?"

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల కొండవాలుల మీద సామలు, చోళ్లు, కందులు పండే పోడు గురించి చాలామంది రాశారు. గెడ్డ (కొండవాగు) దిగివచ్చే లోయల్లో మెట్లు మెట్లుగా కనిపించే ఈ మళ్ల గురించి రాసినవారు తక్కువ. బడిలో మెట్ల సేద్యం అనగానే హిమాలయాల బొమ్మ చూపిస్తాం. మహేంద్రగిరి కనిపించే ఊళ్ల పిల్లలు కూడా ఆ బొమ్మనే నేర్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

గట్టు మట్టిని ఆపే గోడ అనుకుంటాం. నిజానికి గోడలను ఎక్కువగా కూల్చేది వాటి వెనుక చేరి, బయటికి దారి దొరకని నీరు. నీటి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది కాబట్టి, గోడ మీద పడే మొత్తం తోపుడు ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 1 మీటరు ఎత్తున నీరు నిలిస్తే గోడ పొడవులో ప్రతి మీటరు మీద సుమారు అర టన్ను, 2 మీటర్లయితే 2 టన్నులు, 3 మీటర్లయితే నాలుగున్నర టన్నుల తోపుడు పడుతుంది. మట్టి తోపుడు దీనికి అదనం. సిమెంటు గోడలకు ఇంజనీర్లు మధ్యమధ్య గొట్టాలు అమర్చి నీటిని వదిలేది ఇందుకే. పేర్చిన రాతి గట్టుకు ప్రతి సందూ అలాంటి గొట్టమే.

మరి మడిలో నీరు ఎలా నిలుస్తుంది? దమ్ము చేసినప్పుడు, అంటే నీరు పెట్టి మడిని బురదగా దున్నినప్పుడు, మెత్తని బంకరేణువులు అడుగు మట్టి రంధ్రాలను పూడ్చేస్తాయి. అందువల్ల నీరు పైన నిలుస్తుంది, ఇంకిన కొద్దిపాటి నీరు గట్టులోంచి వెళ్లిపోతుంది. ఒక భాద్రపదంలో అలాంటి గట్టు కింద నిలబడి రాళ్ల సందులో వేలు పెట్టి చూశాను. పైన మడిలో నీరు ఎర్రగా ఉంది. నా వేలి మీదుగా కారిన నీరు తేటగా ఉంది. మట్టి లోపలే వడకట్టబడి ఆగిపోయింది.

ఆ మట్టి వచ్చేది పై వాలుల నుంచే. లోతు మారకుండా వాలు నాలుగో వంతుకు తగ్గితే నీటి వేగం సగమవుతుంది. ప్రవాహం దొర్లించగల రాయి బరువు వేగం ఆరో ఘాతాన్ని (వేగాన్ని ఆరుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరిస్తుంది కనుక, వేగం సగమైతే ఆ బరువు 64వ వంతుకు పడిపోతుంది. మెట్టు మీదికి రాగానే నీరు మోసుకొచ్చిన ఇసుకనూ ఒండ్రునూ దింపేస్తుంది. పోడు పోగొట్టుకున్న మట్టిలో కొంత ఇలా మడికి దక్కుతుంది గనుక, ఈ రెండింటినీ వేరువేరు లెక్కల్లో రాయడం తప్పని నా అభిప్రాయం.

రాయికీ రాయికీ అతుకు లేకపోవడం వల్ల గట్టు కొద్దిగా కుంగినా నిలువునా పగలదు. ఎక్కడైనా జారితే, వానలకు ముందు ఆ జారిన రాళ్లనే ఏరి తిరిగి పేర్చుకుంటే సరిపోతుంది.