హెచ్‌ఐవీ: చెన్నైలో తెలుగువాళ్ల మధ్య తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

దోమకాటు, ఎంగిలి గ్లాసు, ఒకే కంచంలో తినడం, ఒకే బాత్రూమ్ వాడడం. వీటివల్ల హెచ్‌ఐవీ రాదు. ఈ సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. మన దేశంలో తొలి కేసులు 1986లో బయటపడింది ఈ చెన్నైలోనే. 2004 ఏప్రిల్ 1న ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన మొదటి కేంద్రాల్లో ఇక్కడి తాంబరం శానటోరియం ఆస్పత్రి ఒకటి. ఇన్నేళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తున్నవి మందులు వాడేవాళ్లలోనే గుసగుసగా తిరిగే అపోహలు.

అపోహ: ఏ ఊళ్లో మందులు మొదలుపెడితే ఎప్పటికీ అక్కడే తెచ్చుకోవాలి.

ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచి ఉంచే మందుల చికిత్స, దేశమంతటా ఒకే కార్యక్రమం. నెల్లూరులో నమోదైన పేరును ఇక్కడికి మార్చుకోవచ్చు. పాత సెంటర్ కౌన్సిలర్‌తో చెన్నైకి ట్రాన్స్‌ఫర్ కావాలని చెప్పండి. ట్రాన్స్‌ఫర్ కాగితం, గ్రీన్ బుక్ (మీ చికిత్స వివరాలు రాసే పుస్తకం), చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) రిపోర్టు చేతికి తీసుకోండి. సీసాలో పదిహేను రోజుల మాత్రలైనా ఉండగానే ఈ పని పెట్టుకోవాలి, అడుగంటాక కాదు. తమిళం రాదని జంకక్కర్లేదు, డాక్టరుకి కావలసిన వివరాలు ఆ పుస్తకంలోనే ఉంటాయి.

ఇది చెయ్యక ఏం చేస్తారంటే, ఊళ్లో ఎవరో ఒకరు సీసా తీసుకుని మాధవరం వచ్చే బస్సులో పంపుతారు. పండగ రద్దీలో బస్సు ఆలస్యమవుతుంది, ఇవతల మనిషి డ్యూటీలో ఉంటాడు, రెండు రోజులు పోతాయి. నెలకి 30 మాత్రల్లో రెండు తప్పినా, మాత్రల్లో 95 శాతమైనా వేసుకోవాలని సెంటర్లో అడిగే లెక్క తప్పినట్టే.

ఇంతకన్నా చేటు చేసేది, పాత పుస్తకం దాచేసి "కొత్తగా తెలిసిందండీ" అని ఇక్కడ చేరడం. ఇదివరకు ఏ మందులు వాడారో, ఏవి పనిచెయ్యడం మానేశాయో డాక్టరుకి తెలియదు. వైరస్ ఎప్పుడో అలవాటుపడిన మందే మళ్లీ చేతిలో పడొచ్చు. మధ్యలో ఎన్నాళ్లు ఆపేశారో కూడా చెప్పండి. కౌన్సిలర్ కసిరితే కసరనివ్వండి, అది ఆ పూటతో పోతుంది.

అపోహ: రిపోర్టులో వైరస్ కనిపించలేదంటే జబ్బు పోయినట్టే.

మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏటా వైరల్ లోడ్ చూస్తారు. కనిపించలేదంటే రక్తంలో పరీక్షకి అందనంత తక్కువుందని అర్థం. కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతూనే ఉంటుంది, మాత్ర ఆపిన కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. కనిపించని స్థాయి నిలబడినంత కాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. ఇది నిజం, ధైర్యంగా నమ్మవచ్చు. తల్లిపాలకు మాత్రం ఇదే భరోసా వర్తించదు.

అపోహ: బలం మాత్రలు హెచ్‌ఐవీ మందుతో కలిపి వేసుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకొకే మాత్ర. నీరసానికి వేసుకునే ఐరన్, ఎముకలకి కాల్షియం, కడుపుమంటకి తాగే సిరప్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం కడుపులోనే డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నం తింటూ దానితో కలిపి వేసుకున్నా ఫరవాలేదు, కడుపుమంట సిరప్‌కి ఆ వెసులుబాటు లేదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే 12 గంటల ఎడంతో మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కావాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, రోజు మోతాదు సాధారణంగా 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

అపోహ: పాజిటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డే.

చికిత్స ఏదీ లేకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందులు సరిగ్గా వాడి, బిడ్డకి పుట్టగానే మందు పడితే 5 శాతం లోపు. మన ఇళ్లలో ఇది చెడేది పాల దగ్గర. తల్లిపాలిస్తే మొదటి ఆరు నెలలు అవి మాత్రమే ఇవ్వాలి. తేనె నాకించడం, వస పోయడం, గ్రైప్ వాటర్, మధ్యమధ్య డబ్బాపాలు ఏవీ వద్దు. బయటివి పడితే పసిపేగుల లోపలి పొర దెబ్బతిని వైరస్‌కి దారి దొరుకుతుంది. అమ్మమ్మకో, నాయనమ్మకో జబ్బు సంగతి చెప్పలేకపోతే "డాక్టరు వద్దన్నారు" అంటే చాలు. బిడ్డకి ఆరు వారాలకి తొలి పరీక్ష, 18 నెలలకి ఆఖరి నిర్ధారణ.

అపోహ: హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురైన మర్నాడే పరీక్షలో నెగటివ్ వస్తే భయం లేదు.

మర్నాటి ఫలితం ఆ ముందురోజు గురించి ఏమీ చెప్పదు. మూడు నెలలకి మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా చెయ్యాల్సింది వేరే ఉంది: 72 గంటల్లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే, ఆస్పత్రికెళ్లి నివారణ మందులు అడగాలి. కోర్సు 28 రోజులు. సందేహాలకి హెల్ప్‌లైన్ 1097, ఫోన్ ఉచితం.

అపోహ: కంపెనీ అడిగితే రిపోర్టు ఇవ్వాల్సిందే.

2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతు పెట్టకూడదు. పాజిటివ్ అని అద్దె ఇల్లు, బడి, వైద్యం నిరాకరించడం కూడా నేరుగా వివక్ష కిందికే వస్తుంది. వందమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థల్లో, ఇరవైమంది లేదా అంతకు మించి ఉన్న ఆస్పత్రుల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. వివక్ష జరిగితే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కి (ఈ ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చెయ్యవచ్చు, ఆయన 30 రోజుల్లో, అత్యవసర వైద్యమైతే 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. నోటిమాట నిలవదు. ఎవరు, ఏ తేదీన, ఏ మాటలతో కాదన్నారో ఆ రోజే రాసిపెట్టి, ఫిర్యాదు నకలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.