వెన్నుపోటు కట్టుకథ: ఓడిన జర్మనీ ఒక అబద్ధాన్ని ఎందుకు నమ్మింది

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918 సెప్టెంబర్ 29న బెల్జియంలోని స్పా పట్టణంలో జర్మన్ సైన్యాధిపతులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్ తమ చక్రవర్తి కైజర్‌కు తేల్చి చెప్పేశారు: యుద్ధం ఇక గెలవలేం, వెంటనే కాల్పుల విరమణ అడగాలి. అప్పటికి ఏడు వారాల కిందటే, ఆగస్టు 8న, ఫ్రాన్స్‌లోని అమియా దగ్గర జర్మన్ సేన చావుదెబ్బ తింది. బల్గేరియా చేతులెత్తేసింది. అమెరికా సైనికులు నెలకు రెండు లక్షలకు పైగా దిగుతున్నారు. కీల్ రేవులో నావికులు తిరగబడింది ఆ తర్వాత ఐదు వారాలకు. సేన ఓడలేదు, ఇంట్లోని ద్రోహులే దాన్ని వెనక నుంచి పొడిచారన్న వెన్నుపోటు కథ ఈ వరసనే తిప్పేసింది. ఓటమి వల్ల తిరుగుబాటు వస్తే, తిరుగుబాటు వల్లే ఓటమి వచ్చిందని చెప్పింది.

కథకు పునాది వేసింది లూడెన్‌డార్ఫే. అంతవరకు అధికారానికి దూరంగా ఉంచిన పార్లమెంటు పార్టీలను ప్రభుత్వంలోకి రప్పించాడు. సంధి భారం వాళ్లే మోయాలని తన అధికారులకు చెప్పాడు. నవంబర్ 11న కాల్పుల విరమణ మీద సంతకం చేసిన బృందాన్ని నడిపింది సేనాని కాదు, సెంటర్ పార్టీ నాయకుడు ఎర్ట్స్‌బెర్గర్. షరతులు సడలకపోయినా సంతకం చేయమని కబురు పెట్టింది మాత్రం హిండెన్‌బర్గ్ కార్యాలయం. 1921లో ఎర్ట్స్‌బెర్గర్‌ను కాల్చి చంపారు.

జనం ఎందుకు నమ్మారన్నది అసలు ప్రశ్న. వాళ్లు మూర్ఖులు కాబట్టి అనడం తేలిక, కానీ అది నిజం కాదు. యుద్ధకాలమంతా పత్రికలు సైనిక సెన్సారు చేతిలో ఉన్నాయి. 1918 మార్చిలో రష్యాతో సంధి కుదిరి తూర్పున విజయం దక్కింది. వేసవి దాకా పశ్చిమం నుంచీ గెలుపు వార్తలే వచ్చాయి. కాల్పులు ఆగిన రోజున కూడా జర్మన్ సేన ఫ్రాన్స్, బెల్జియం నేల మీదే ఉంది. ఇవన్నీ చూసినవాళ్లకు నవంబర్‌లో ఉన్నట్టుండి ‘ఓడిపోయాం’ అంటే మింగుడుపడుతుందా? దాదాపు 20 లక్షల మంది సైనికులు చనిపోయారు. శత్రువు బలం ముందు నిలవలేకపోయామన్న జవాబు ఆ చావులకు అర్థం లేకుండా చేస్తుంది. ద్రోహులు మోసం చేశారన్న జవాబు చనిపోయిన కొడుకు గౌరవాన్ని కాపాడుతుంది. పైగా అందులో కొన్ని నిజాలూ ఉన్నాయి: 1918 జనవరిలో ఆయుధ కర్మాగారాల్లో సమ్మెలు జరిగాయి, నావికులు తిరగబడ్డారు, ఊళ్లలో ఆకలి ఉంది. నిజాల మధ్య పెట్టిన అబద్ధాన్ని విడదీయడం కష్టం.

నిజం తెలిసినవాళ్లు దాన్ని చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. కొత్త ప్రభుత్వాధినేత ఎబర్ట్ 1918 డిసెంబర్ 10న బెర్లిన్‌లో సైనికులకు స్వాగతం పలుకుతూ, మిమ్మల్ని ఏ శత్రువూ జయించలేదన్నాడు. ఓదార్పుగా అన్న ఆ మాట ప్రత్యర్థుల చేతికి ఆయుధమైంది. 1919 నవంబర్ 18న పార్లమెంటు విచారణ సంఘం ముందు హిండెన్‌బర్గ్ రాసుకొచ్చిన ప్రకటన చదివాడు. జర్మన్ సేనకు వెన్నులో పోటు పడిందని ఒక ఆంగ్లేయ సేనాని అన్నట్టు చెప్పాడు. స్పాలో తాను కైజర్‌కు ఏం చెప్పాడో ఎరిగిన మనిషే ఈ సాక్ష్యం ఇచ్చాడు. 1914లో రష్యా సేనను ఓడించిన వీరుడి మాటను కాదనేదెవరు?

ద్రోహుల జాబితాలో యూదులను చేర్చడానికి కావలసింది అప్పటికే సిద్ధంగా ఉంది. వాళ్లు యుద్ధానికి ఎగనామం పెడుతున్నారన్న ఆరోపణ మీద 1916లో యుద్ధ మంత్రిత్వ శాఖ సైన్యంలోని యూదుల లెక్క తీసి, ఫలితాన్ని బయటపెట్టలేదు. ఆ మౌనమే పుకారుకు రుజువైపోయింది. దాదాపు లక్ష మంది యూదులు సైన్యంలో పనిచేశారు, సుమారు 12,000 మంది చనిపోయారు.

ఖండన లేకపోలేదు. కాల్పుల విరమణకు దారితీసిన అధికార పత్రాలను ప్రభుత్వం 1919లోనే అచ్చేసింది. కానీ వెన్నుపోటు కథను రోజూ వినిపిస్తున్న జాతీయవాద పత్రికల పాఠకులను ఒక పత్రాల సంపుటి ఎంతవరకు మార్చగలదు? అప్పటికి దేశాధ్యక్షుడైన ఎబర్ట్, తనను దేశద్రోహి అన్న పత్రికా సంపాదకుడి మీద కోర్టుకు వెళ్తే ఇంకా నష్టం జరిగింది. 1924 డిసెంబర్‌లో మాగ్డెబర్గ్ కోర్టు పరువు తీసినందుకు ఆ సంపాదకుడికి శిక్ష వేసింది. అదే తీర్పులో, జనవరి సమ్మెలో పాల్గొన్న ఎబర్ట్ చట్టం దృష్టిలో దేశద్రోహం చేసినట్టేనని రాసింది. రెండు నెలలకు ఆయన చనిపోయాడు. ఆ అధ్యక్ష పదవికి హిండెన్‌బర్గ్ ఎన్నికయ్యాడు.

అయినా కట్టుకథ ఒక్కటే హిట్లర్‌ను గద్దెనెక్కించలేదు. 1918 నవంబర్‌లో సంధి చేసుకున్న నాయకులను ‘నవంబర్ నేరస్థులు’ అని ఏళ్ల తరబడి అరిచినా 1928లో అతని పార్టీకి వచ్చింది 2.6 శాతం ఓట్లు. 1929లో పత్రికాధిపతి హూగెన్‌బర్గ్, యుద్ధ పరిహారం ఒప్పందానికి వ్యతిరేకంగా తాను నడిపిన ప్రజాభిప్రాయ సేకరణ ఉద్యమంలో అతన్ని పక్కన నిలబెట్టుకున్నాడు. సేకరణ ఓడింది గానీ, హిట్లర్‌కు పెద్దమనుషుల సరసన చోటు దొరికింది. ఆపై మాంద్యం వచ్చింది. ఓట్లు 1930లో 18.3 శాతానికి, నిరుద్యోగులు దాదాపు 60 లక్షలకు చేరిన 1932లో, జులై ఎన్నికల్లో 37.3 శాతానికి ఎగబాకాయి. నవంబర్‌లో 33.1కి పడిపోయాయి కూడా. అలా తగ్గుతున్నప్పుడు, 1933 జనవరి 30న, అతన్ని చాన్సలర్‌గా నియమించింది హిండెన్‌బర్గే.

మిత్రరాజ్యాలు ఈ చరిత్రను మరిచిపోలేదు. 1943లో కాసాబ్లాంకాలో బేషరతు లొంగుబాటు తప్ప మరో సంధి ఉండదని ప్రకటించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1945 మేలో బెర్లిన్‌లో లొంగుబాటు పత్రం మీద పౌర నాయకులెవరూ సంతకం చేయలేదు. జర్మన్ సర్వసైన్య కార్యాలయం అధిపతి కైటెల్‌తో పాటు నౌకాదళ, వైమానిక దళాధికారుల చేత సంతకాలు చేయించారు.