పక్కవాళ్ల సంచి చూసి

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. కరోనా కారణంగా అర్ధరాత్రి నుంచి 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. కాసేపటికే చాలా ఊళ్లలో కిరాణా కొట్ల ముందు జనం ఎగబడ్డారు. దూరంగా ఉండమని చెప్పిన రాత్రే ఒకరినొకరు తోసుకున్నారు. ఆస్ట్రేలియాలో అప్పటికే టాయిలెట్ పేపర్ అరలు ఖాళీ అయ్యాయి. దగ్గుకూ జ్వరానికీ దానితో ఏం సంబంధం?

దీన్ని అత్యాశ అనడం నాకు అన్యాయం అనిపిస్తుంది. వైరస్ కంటికి కనపడదు. అప్పటికి దానికి మందు లేదు. ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేకపోయారు. అలాంటప్పుడు మన చేతిలో ఉన్న పని కొనడం ఒక్కటే. సంచి నిండితే ఆ గంటకు టెన్షన్ తగ్గుతుంది. పైగా పక్కవాళ్ల సంచి కూడా మనల్ని తొందరపెడుతుంది. 1975లో మనస్తత్వవేత్త స్టీఫెన్ వర్చెల్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. కొందరికి పది బిస్కెట్లున్న జాడీ, కొందరికి రెండే ఉన్న జాడీ ఇచ్చారు. అవే బిస్కెట్లయినా, రెండే ఉన్నవాళ్లకు అవి ఎక్కువ విలువైనవిగా తోచాయి. వేరేవాళ్లు అడగడం వల్లే తగ్గాయని చెబితే ఆ విలువ ఇంకా పెరిగింది.

నెల సరుకులు ఒకేసారి తెచ్చుకోవడం దాచిపెట్టడం కాదు. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఆ వీలు కూడా ఉండదు. వాళ్లు మర్నాడు వెళ్లేసరికి మిగిలేది ఖాళీ అర మాత్రమే.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది 2021 ఏప్రిల్. ఆసుపత్రిలో చేరినవాళ్లకు, అదీ కొందరికే వాడే ఇంజెక్షన్ రెమ్‌డెసివిర్‌ను ముందుజాగ్రత్తగా ఇళ్లలో పెట్టుకున్నారు. అది ప్రాణాలు కాపాడుతుందనడానికి తగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. భయంతో ఆక్సిజన్ సిలిండర్లు, ఇంజెక్షన్లు దాచుకోవద్దని ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి అప్పటి డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా బతిమాలినంత పని చేశారు. కొరతంతా దాచుకోవడం వల్లే రాలేదు. కేసులు అంతగా పెరిగాయి. కానీ అవసరం లేని ఇంట్లో ఉన్న సిలిండర్ ఊపిరాడని మనిషికి అందదు కదా.

ఇక్కడే ఎరుక గురించి చెప్పాలి. పాళీలో సతి అనే ఈ బౌద్ధ సాధనను జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఒత్తిడి తగ్గించే శిక్షణగా మలిచారు. ఎరుక అంటే భయాన్ని అణచడం కాదు, అది వచ్చిందని గమనించడం. గుండె దడదడలాడుతోంది, చెయ్యి ఐదో ప్యాకెట్ మీదికి పోతోంది అని చూడటం. తాగుడు మానాలనుకునేవాళ్లకు అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ఇలాంటిదే నేర్పారు: కోరిక అలలా లేస్తుంది, మనం ఆగి చూస్తే తనంతట తనే దిగుతుంది. కొట్టు ముందు భయానికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

అయితే గుంపు మధ్య ఒక్కరే ఆగి చూడటం చాలా కష్టం. అందుకే ‘మనిషికి రెండే’ అన్న బోర్డు నాకు ఇష్టం. అది ఉంటే మన వెనక నిలబడ్డవాళ్లకూ అరలో సరుకు కనిపిస్తూనే ఉంటుంది.