స్క్రీన్ మీద గీతలొస్తే తప్పు మానిటర్‌దేనా?

డెస్క్‌టాప్ స్క్రీన్ మీద గీతలు పడగానే "మానిటర్ పోయింది" అనేస్తాం. కొత్తది కొని తగిలించాక అవే గీతలు మళ్లీ కనిపిస్తే ఆ బాధ అంతా ఇంతా కాదు. తిరుపతిలో దర్శనం టికెట్లు బుక్ చేసే నెట్ సెంటర్లకైనా, శుభలేఖలు కొట్టే డీటీపీ షాపులకైనా అది చిన్న ఖర్చేం కాదు. పైసా ఖర్చు లేకుండా తప్పు ఎటువైపుందో తేల్చే ఉపాయం ఒకటుంది.

గీతలు కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో పంపుకుని ఫోన్‌లో చూడండి. స్క్రీన్‌షాట్ మానిటర్‌కు తీసిన ఫోటో కాదు. కంప్యూటర్ మెమరీలో తయారైన బొమ్మకు నకలు. ఫోన్‌లోనూ గీతలుంటే బొమ్మ లోపలే చెడింది: బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డో, దాన్ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేరో, అప్పుడు తెరిచి ఉన్న ప్రోగ్రామో. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే మాత్రం ఎక్కువగా కేబుల్‌నో, మానిటర్‌నో అనుమానించాలి.

ఆ రెండింట్లో ఏదన్నది మానిటరే చెబుతుంది. దాని బటన్ నొక్కితే వచ్చే బ్రైట్‌నెస్ మెనూ కంప్యూటర్ నుంచి రాదు, మానిటరే గీసుకుంటుంది. గీత ఆ మెనూ మీద కూడా పడుతుంటే జబ్బు మానిటర్‌దే. మెనూ బాగుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. 1920×1080 స్క్రీన్‌లో 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు (0, 1 అంకెలు), అదీ సెకనుకు 60 సార్లు. అంటే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు ఆ తీగలోంచి పోవాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ పిన్ను కాస్త వదులైనా చుక్కలు మెరుస్తాయి, స్క్రీన్ ఆరి వెలుగుతుంది. పాత వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేర్వేరు పిన్నులు. నీలం పిన్ను వంగిపోతే తెల్లటి వర్డ్ పేజీ పచ్చగా పసుపు పూసినట్టు కనిపిస్తుంది.

తప్పు లోపలే అని తేలితే విండోస్‌లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఆన్ చేయగానే వచ్చే బయాస్ స్క్రీన్‌లోనే రంగు గళ్లు కనిపిస్తే డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, అప్పటికి అది లోడే కాలేదు. కార్డే దెబ్బతిని ఉండొచ్చు.

కాసేపు పనిచేశాకే గీతలు మొదలైతే వేడిని అనుమానించాలి. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది; కార్డు ఫ్యాన్ లాక్కునే గాలే వేడిగాలి, దానికి తోడు దుమ్ము. కరెంటు తీసేసి, పక్క డోరు విప్పి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ రెక్కను మాత్రం వేలితో పట్టుకోండి, గాలి వేగానికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవ్వొచ్చు.