వైడాల్ చీటీకి చిక్కని జ్వరం

పోయిన కార్తీకంలో మా చిన్నమ్మకి జ్వరం వచ్చింది. పాకాల పక్కన పల్లె వాళ్లది. చిన్న మామిడి తోపు, రెండు జెర్సీ ఆవులు. వాన పడినా మంచు కురిసినా పొద్దున్నే కొడవలి తీసుకుని గట్ల మీద గడ్డి కోసుకొచ్చే మనిషి. మూడో రోజు టౌన్‌లో రక్తపరీక్ష చేయిస్తే చీటీలో వైడాల్ పాజిటివ్ అని వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐదు రోజులు పూటకొకటి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ పొడిచారు. జ్వరం 103 నుంచి కిందికి దిగలేదు. ఆరో రోజు ఆయాసం మొదలయ్యేసరికి మాకు టెన్షన్ పట్టుకుంది. తిరుపతికి తీసుకొచ్చేశాం.

రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ మా ఫైలు తెరవకముందే అడిగింది: "గడ్డికి పోతావామ్మా? ఒంటి మీద యాడన్నా నల్లగా పెచ్చు కట్టిందా?" చిన్నమ్మ లేదంది. డాక్టరమ్మ ఊరుకోలేదు. నర్సును పిలిచి, తెర లాగించి, చంకలూ గజ్జలూ అన్నీ వెతికింది. చివరికి నడుం దగ్గర, సరిగ్గా పావడా బొందు బిగించే చోట దొరికింది. సిగరెట్టుతో చురక పెట్టినట్టు చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. అందుకే అది ఉన్నట్టు ఆమెకే తెలియదు. గడ్డిలో చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అని అప్పుడే చెప్పేసింది. మర్నాడు వచ్చిన ఎలైజా అనే రక్తపరీక్ష ఫలితం కూడా అదే చెప్పింది.

"అదే కదమ్మా, ముందు డాక్టరు కూడా టైఫాయిడనే చెప్పినాడు" అన్నాడు మా చిన్నాయన.

చిన్నాయన్ని తప్పుపట్టలేం. టైఫస్, టైఫాయిడ్ అనే ఈ రెండు పేర్లూ పెద్ద పెద్ద వైద్యుల్నే తికమక పెట్టాయి. గ్రీకులో 'టైఫోస్' అంటే పొగ. జ్వరం తలకెక్కి, పొగ కమ్మినట్టు మసకలో పలవరించే స్థితిని బట్టి టైఫస్ అన్నారు. దాన్ని పోలింది గనక టైఫాయిడ్. ఆ పాత టైఫస్ పేల వల్ల వచ్చేది, మన స్క్రబ్ టైఫస్ దానికి దూరపు చుట్టం. రెండూ ఒకటేనా, వేర్వేరా అని ఐరోపాలో 19వ శతాబ్దం సగం దాకా తగవు నడిచింది. 1837లో ఫిలడెల్ఫియా వైద్యుడు విలియం గెర్హార్డ్ శవపరీక్షల ఆధారంగా వాటిని విడదీశాడు. టైఫాయిడ్‌లో పేగుల్లో పుళ్లు పడతాయి, టైఫస్‌లో పడవు. జబ్బులు విడిపోయాయి గానీ పేర్లు మాత్రం అక్కాచెల్లెళ్లలా అలాగే ఉండిపోయాయి.

టైఫాయిడ్ క్రిమి ఒక రకంగా బుద్ధిమంతురాలు. రంగు వేస్తే మైక్రోస్కోపు కింద కనపడుతుంది, గాజు పళ్లెంలో మేత పెడితే రాత్రికి రాత్రి పెరుగుతుంది. అలా పెంచిన క్రిముల్ని రోగి సీరంతో (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) కలిపితే, అందులోని యాంటీబాడీల వల్ల గుంపు కడతాయని 1896లో ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ విడాల్ చూపించాడు. మన ల్యాబుల్లో వైడాల్ అని పిలిచేది దాన్నే. చవక, తొందరగా తేలిపోతుంది, యంత్రాలు అక్కర్లేదు. చిక్కేమిటంటే, టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతూ ఉండే మనలాంటి చోట ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం తాలూకు యాంటీబాడీలూ, టీకా వల్ల పుట్టినవీ కూడా చీటీలో పాజిటివ్‌గా కనపడొచ్చు. నూట పాతికేళ్లు దాటిన ఆ పరీక్ష మీద మనకున్న భక్తి మాత్రం చెక్కుచెదరలేదు. పల్లెల్లో డాక్టరు చెప్పకముందే జనమే అడుగుతారు, "వైడాల్ రాయండి సార్" అని.

స్క్రబ్ టైఫస్ క్రిమి ఈ పద్ధతులకి లొంగే రకం కాదు. అది బాక్టీరియానే, కానీ మన కణాల లోపల తప్ప బయట బతకదు. పళ్లెంలో పెరగదు, ల్యాబుల్లో మామూలుగా వేసే గ్రామ్ అనే రంగుకి సరిగ్గా దొరకదు. దాన్ని మోసేది నల్లి జాతి పురుగు, మంచం నల్లి కాదు, పైర్లకి పట్టే ఎర్రనల్లి లాంటిది. పిల్ల పురుగు మిల్లీమీటరులో చిన్న ముక్క ఉంటుంది. పెద్ద పురుగు నేలలో బతుకుతుంది, మనిషిని కుట్టదు. దాని పిల్లకి మాత్రం జీవితంలో ఒక్కసారి ఏదో ఒక జంతువు చర్మం నుంచి మేత కావాలి. సాధారణంగా ఆ జంతువు ఎలుక. గడ్డిలో చెయ్యి పెట్టిన మనిషి దానికి అనుకోకుండా దొరుకుతాడు. బట్టల మీదుగా పాకుతూ పోయి బిగుతుగా ఉన్న చోట ఆగిపోతుంది. పావడా బొందు సంగతి అదీ. కుట్టిన వారం పది రోజులకి జ్వరం వస్తుంది. ఇంకో విశేషం, తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారానే క్రిమి పిల్లలకి చేరుతుంది. అంటే ఒకసారి ఒక గట్టున స్థిరపడితే ఏళ్ల తరబడి అక్కడే ఉండగలదు.

జపాన్ రైతులకి ఇది ఎప్పటినుంచో తెలుసు. నీగాటా ప్రాంతంలో షినానో నది వరద తీసిన లంకల్లో గడ్డీ రెల్లూ కోయబోయినవాళ్లకి వచ్చే జ్వరాన్ని ట్సుట్సుగాముషి అనేవారు, జబ్బు తెచ్చే పురుగు అని అర్థం. శాస్త్రవేత్తలు ఆ మాటనే క్రిమి పేరులో పెట్టుకున్నారు. మొదట రికెట్సియా అనే క్రిముల జాతిలో కలిపారు, 1995లో విడదీసి ఓరియెన్షియా అని కొత్త ఇంటిపేరు ఇచ్చారు.

పెంచలేని క్రిమికి పరీక్ష ఎలా పెట్టాలి? ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పేల వల్ల వచ్చే ఆ పాత టైఫస్ రోగి మూత్రంలో ప్రోటియస్ అనే మామూలు బాక్టీరియాని పట్టారు. దానికీ టైఫస్‌కీ సంబంధమే లేదు. కానీ టైఫస్ రోగుల సీరం ఆ ప్రోటియస్‌ని గుంపు కట్టించింది. రెండిటి ఒంటిమీదా ఏవో పోలికలున్నాయన్నమాట. 1916లో అదే వైల్-ఫెలిక్స్ పరీక్ష అయింది. స్క్రబ్ టైఫస్‌కి ప్రోటియస్‌లో ఓఎక్స్-కె అనే రకం పనికొస్తుందని తర్వాత తేలింది. దొంగ దొరక్కపోతే వాడి పోలికలున్న ఊరివాణ్ణి నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమన్నట్టు ఉంటుంది ఈ పరీక్ష. చాలామంది రోగులు దీనికి దొరక్కుండా జారిపోతారు. అయినా దశాబ్దాల పాటు మన దగ్గర ఉన్న ఆధారం దాదాపు ఇదొక్కటే. అదీ పెద్ద ఆస్పత్రుల్లోనే, ఎవరికైనా అనుమానం తడితేనే.

రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులు ఈ జ్వరంతో వేల సంఖ్యలో పడిపోయారు. మందు లేదు. యుద్ధం అయ్యాక, 1948లో అమెరికా వైద్యుడు జోసెఫ్ స్మాడెల్ బృందం క్లోరోమైసెటిన్ అనే కొత్త మందుని తీసుకుని కౌలాలంపూర్ వెళ్లింది. స్క్రబ్ టైఫస్ రోగులకి ఇస్తే అద్భుతంగా పనిచేసింది. స్క్రబ్ టైఫస్ అనుకుని మందు ఇచ్చినవాళ్లలో నిజానికి టైఫాయిడ్ ఉన్నవాళ్లు కూడా కలిశారు. వాళ్లకీ తగ్గింది! టైఫాయిడ్‌కి మొట్టమొదటి మంచి మందు అలా, రోగ నిర్ధారణ పొరపాటులో బయటపడింది.

మన కథకి కీలకం ఆ పొరపాటే అని నా నమ్మకం. ఆ తర్వాత నలభై ఏళ్లు మన ఊళ్లలో టైఫాయిడ్ అంటే క్లోరోమైసెటినే. టైఫాయిడ్ అనుకుని క్లోరోమైసెటిన్ మింగినవాళ్లలో స్క్రబ్ టైఫస్ ఉన్నవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు, అవసరం రాలేదు. పేరు తప్పైనా మందు సరిపోయింది. జ్వరం దిగింది, పథ్యం పెట్టారు, అయిపోయింది. 1990 ప్రాంతంలో టైఫాయిడ్ క్రిమి క్లోరోమైసెటిన్‌కి లొంగడం మానేసింది. డాక్టర్లు సిప్రోఫ్లాక్సాసిన్‌కి, ఆ తర్వాత సెఫ్ట్రియాక్సోన్‌కి మారారు. సెఫ్ట్రియాక్సోన్ బాక్టీరియా గోడని కూల్చే మందు. కణాల్లో దాక్కుని, పేరుకి మాత్రమే గోడ ఉన్న ఓరియెన్షియాని అది ఏమీ చెయ్యదు. టైఫాయిడ్ ఇంజెక్షన్లకి దిగని జ్వరాలు అలా పైకి తేలడం మొదలైంది. 2000 తర్వాత దేశంలో స్క్రబ్ టైఫస్ 'మళ్లీ వచ్చింది' అన్నారు. అది ఎక్కడికీ పోలేదని, మనం మందు మార్చడంతో కనపడిందని చెప్పే వైద్యులు చాలామందే ఉన్నారు. ఎలైజా, పీసీఆర్ లాంటి మెరుగైన పరీక్షలు రావడం కూడా ఒక కారణమే. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి మైక్రోబయాలజీ విభాగం వాళ్లు ఆంధ్ర రోగుల్లో దొరికిన ఈ క్రిమి జన్యువుల్ని పరిశీలించి 2016లో ప్రచురించారు. 2025 చివర్లో రాష్ట్రమంతా స్క్రబ్ టైఫస్ వార్తలు మోగినప్పుడు చిత్తూరు జిల్లా పేరు జాబితాలో పైనే ఉంది. కొత్త రోగం అని టీవీలు అరిచాయి.

ఇదే వానాకాలంలో, ఇవే మడుల్లో, ఇలాగే తప్పించుకు తిరిగేది ఇంకొకటుంది. ఎలుక జ్వరం, లెప్టోస్పైరోసిస్. దీని క్రిమి దారంకంటే ఎన్నో రెట్లు సన్నటి స్ప్రింగు. కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. మామూలు మైక్రోస్కోపు వెలుగులో దాన్ని పట్టుకోలేం. వెలుగుని పక్కనుంచి పంపి, వెనక చీకటి ఉంచి చూడాలి, పెంకుల సందులోంచి ఎండ పడితే గాల్లో దుమ్ము మెరిసినట్టు అప్పుడు మెరుస్తుంది. 1907లో అమెరికాలో స్టింసన్ అనే ఆయన, పచ్చజ్వరంతో (యెల్లో ఫీవర్) పోయాడనుకున్న ఒక రోగి మూత్రపిండంలో దీన్ని వెండి రంగుతో చూశాడు. ప్రశ్నార్థకంలా వంగి ఉందని 'ఇంటెరోగాన్స్' అన్నాడు. ఆ పేరే ఇప్పటికీ ఉంది. చూసినవాడికే అదేమిటో అర్థం కాలేదు గనక పేరు బాగానే కుదిరింది.

జబ్బుని మాత్రం అంతకుముందే, 1886లో, జర్మనీలో అడాల్ఫ్ వైల్ వర్ణించాడు. జ్వరం, కామెర్లు, మూత్రపిండాలు దెబ్బతినడం. ఈయన వేరే వైల్, ప్రోటియస్ వైల్ కాదు. పరీక్షల్లో ఈ ఇద్దర్నీ కలిపేసి మార్కులు పోగొట్టుకోని మెడికోలు అరుదు. జపాన్‌లో ఇనాడా, ఇడో బృందం 1914–15లో బొగ్గుగని కూలీల నుంచి ఈ క్రిమిని పట్టుకుంది, ఎలుకల మూత్రపిండాల్లో కాపురం ఉంటుందని ఆ తర్వాత తేలింది. ఈ క్రిమికి లెప్టోస్పైరా అని పేరు పెట్టిన జపాన్ శాస్త్రవేత్త హిడేయో నొగూచి పచ్చజ్వరానికీ ఇలాంటి క్రిమే కారణమని పట్టుబట్టాడు. అది వైరస్ జబ్బు. తేల్చుకుందామని ఆఫ్రికా పోయి, 1928లో ఆక్రాలో ఆ పచ్చజ్వరంతోనే చనిపోయాడు.

ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో చెప్పుల్లేని కాలితో నిలబడితే చాలు, పగుళ్లలోంచి లోపలికి పోతుంది. ఆవులూ కుక్కలూ కూడా మోస్తాయి. వరి నాట్లు వేసే ఆడవాళ్లు, పాలు పితికేవాళ్లు, మున్సిపల్ కాలవలు తీసేవాళ్లు, కలుగులు తవ్వి ఎలుకలు పట్టే యానాదులు, వీళ్లందరూ ముందు వరసలో ఉంటారు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో మోకాళ్ల లోతు నీళ్లలో నడిచినవాళ్లం మేమూ ఉన్నాం, ఆ నీళ్లలో ఏముందని అప్పుడు ఎవరం ఆలోచించలేదు. పిక్కలు పట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, ఊసి కట్టకుండా ఎర్రబడ్డ కళ్లు దీని గుర్తులు. ముదిరితే కామెర్లు. కామెర్లు అనగానే మనవాళ్లు ముందు పసరు మందుకి పోతారు. మూత్రపిండాలు చేజారే రోజులు అక్కడే గడిచిపోతాయి. ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి వచ్చి దాదాపు 59 వేల మంది చనిపోతున్నారని 2015లో ఒక అంచనా వేశారు. దీని విషయంలో అదృష్టం ఏమిటంటే, టైఫాయిడ్ అని పొరబడి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌కి ఇది లొంగుతుంది. క్లోరోమైసెటిన్ రోజుల్లో స్క్రబ్ టైఫస్‌కి జరిగినట్టే ఇప్పుడు దీనికి పేరు లేని వైద్యం జరుగుతోంది. నయమైతే చీటీలో టైఫాయిడ్‌గానే మిగిలిపోతుంది.

స్ప్రింగు జాతిలో అందరికీ తెలిసిన పెద్దమ్మ సిఫిలిస్, మన పెద్దల మాటలో సవాయి. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ దాని క్రిమిని చూశారు. ఇప్పటికీ మామూలు ల్యాబులో పెంచలేం. సిఫిలిస్ ఉందేమో చూడ్డానికి గర్భిణులకి రాసే వీడీఆర్ఎల్ పరీక్షలో వాడేది ఆ క్రిమి కాదు, ఎద్దు గుండె నుంచి తీసిన కొవ్వు పదార్థం. ఇదీ అరువు తెచ్చుకున్న సాక్ష్యమే, కాకపోతే ప్రోటియస్ కంటే నమ్మకస్తురాలు.

చిత్తూరు వాళ్లు పెద్ద జబ్బొస్తే పోయేది తమిళనాడులోని రాయవేలూరికే. 1911లో జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటే కదా. ఆ వేలూరు సీఎంసీ ఆస్పత్రి వైద్యులు నడిపించిన పరిశోధన 2023లో వచ్చింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ ఉన్న 794 మందిలో కొందరికి డాక్సీసైక్లిన్, కొందరికి అజిత్రోమైసిన్, కొందరికి రెండూ కలిపి నరంలోకి ఇచ్చి చూశారు. చావు, వారానికీ తగ్గని సమస్యలు, ఐదో రోజుకీ దిగని జ్వరం, వీటిలో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు ఒక్కో మందుతో 47, 48 శాతం ఉంటే, రెండూ కలిపినప్పుడు 33 శాతమే. ముదరకముందే అయితే ఇంత హంగామా అక్కర్లేదు. టీ ఖరీదుకి అటూ ఇటూగా దొరికే డాక్సీ మాత్రే చాలా మందికి సరిపోతుంది. చిన్నమ్మకి అప్పటికే ఊపిరితిత్తులకి పాకింది కాబట్టి రెండూ ఎక్కించారు. రెండో రాత్రికి జ్వరం దిగింది, మూడో రోజు రాగి జావ అడిగింది.

సంక్రాంతికి పల్లెకి పోతే గడపలో కూర్చుని పక్కింటామెతో చెప్తోంది, "టైఫాయిడ్ వచ్చి సచ్చి బతికినా మేయ్" అని. లోపల గూట్లో ప్లాస్టిక్ కవర్లో ఆ వైడాల్ చీటీ మడత నలక్కుండా ఉంది. డిశ్చార్జి కాగితం ఏదని అడిగితే చిన్నాయన కాసేపు వెతికి, ఆవు దూడ ఇన్సూరెన్సు కాగితాల్లో కలిసిపోయిందేమో అన్నాడు.