మన ఇంటి ముందున్న పాత బెంజి

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నానమ్మ పంపిన అరిసెలు చేరాయని మీ అమ్మ చెప్పింది. ఎన్ని మిగిలాయో అడగను.

పోయిన వేసవిలో మీరు ఊరెళ్లే ముందు రోజు సాయంత్రం, చిన్నవాడు కారు బోనెట్ మీది నక్షత్రాన్ని వేలితో వంచుతూ, "తాతయ్యా, మనకు బెంజి ఉంది కదా, అంటే మనం డబ్బున్నవాళ్లమా?" అని అడిగాడు. పక్కనే ఉన్న అక్క, "మెర్సిడెస్ అంటే ఎవరు?" అంది. రెండింటికీ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుల బాకీ తీర్చడానికే ఈ ఉత్తరం.

ముందు చిన్నవాడి ప్రశ్న. నేను నీ వయసులో ఉన్నప్పుడు బెంజి అంటే కారు కాదురా, లారీ. 1954లో టాటావాళ్లు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా మన రోడ్ల మీద తిరిగిన ఆ లారీల ముఖాన ఈ నక్షత్రమే ఉండేది. మా నాన్న, అంటే మీ ముత్తాత, అలాంటి లారీకి డ్రైవరు. యజమాని కాదు, డ్రైవరు. విజయవాడ నుంచి కలకత్తా వైపు మిరపకాయలు, బియ్యం తోలేవారు. దసరాకు బండి కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆ నక్షత్రానికి మూడు కొసల మీద మూడు కుంకుమ బొట్లు పెట్టేవారు. దాన్ని ఆయన నక్షత్రం అనేవారు కాదు, మూడు రేకుల పువ్వు అనేవారు. నక్షత్రం పోయి టాటా అక్షరం వచ్చాక కూడా ఆయన నోట చాలా ఏళ్లు అది బెంజి లారీయే. విజయవాడలో బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఖరీదైన కార్లు గుర్తుకు రావు. మిరప ఘాటు కలిసిన డీజిల్ వాసన గుర్తుకొస్తుంది.

అందుకేనేమో, ఈ కంపెనీ చరిత్ర ఎక్కడ చదివినా నా కళ్లు బండి చేసినవాళ్లను దాటి, నడిపినవాళ్లను వెతుకుతాయి. డ్రైవరు కొడుకును కదా.

మోటారు బండిని మొదటిసారి దూరప్రయాణానికి నడిపింది ఒక తల్లి. ఆమె పేరు బెర్తా. 1871లో, ఇంకా పెళ్లికాకముందే, తన కట్నం సొమ్ము తెచ్చి కార్ల్ బెంజ్ పనిశాలను నిలబెట్టింది. కార్ల్ 1886 జనవరి 29న జర్మనీలోని మాన్‌హైమ్‌లో తన మోటారు బండికి పేటెంటు దరఖాస్తు చేశాడు. మూడు చక్రాలు, ఒకే సిలిండర్, ఒక అశ్వశక్తి కూడా లేని ఇంజన్. బుర్ర గొప్పదే గాని మనిషికి జంకు ఎక్కువ. బండిని ఊరు దాటించడానికి ధైర్యం చాలలేదు. కొనేవాళ్లు ముందుకు రాలేదు.

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున బెర్తా భర్తకు చెప్పకుండా, 15, 13 ఏళ్ల కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని, ఆ బండి తర్వాతి నమూనా ఎక్కి పుట్టిల్లున్న ఫోర్‌జ్‌హైమ్‌కు బయలుదేరింది. వంద కిలోమీటర్లకు పైగా దూరం. పెట్రోలు బంకు అనే మాటే పుట్టని కాలం. మరకలు తుడవడానికి వాడే లిగ్రోయిన్ అనే ద్రవాన్ని వీస్లోహ్ అనే ఊరి మందుల దుకాణంలో కొని ఇంధనంగా పోసింది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే సూదితో తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీని చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టే ఆయనచేత వాటికి తోలు కొట్టించింది. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతూనే ఉండేవి, దారిలో దొరికిన చోటల్లా పోసుకుంటూ పోవాలి. ఎత్తు వచ్చిన చోట పిల్లలు దిగి తోశారు. చీకటి పడ్డాక పుట్టింటికి చేరి భర్తకు తంతి కొట్టింది. తిరిగొచ్చాక ఆమె చెప్పినదాన్ని బట్టే కార్ల్ బండికి ఎత్తులెక్కే గేరు ఒకటి అదనంగా పెట్టాడు.

దీన్ని కొందరు ప్రచార యాత్ర అంటారు. కావచ్చు. నాకు మాత్రం అందులో డ్రైవరు, క్లీనరు, మెకానిక్కు ముగ్గురూ ఒకే మనిషిలో కనిపిస్తారు. ఆమె నడిచిన దారిని జర్మన్లు ఇప్పుడు స్మారక మార్గంగా చేసుకున్నారు, పోనూ రానూ 194 కిలోమీటర్లు. బెర్తా 95 ఏళ్లు బతికి 1944లో కన్నుమూసింది.

ఇక అక్క అడిగినది. మెర్సిడెస్ ఒక అమ్మాయి. కార్ల్ బెంజ్‌కు ఏమీ కాదు. ఆ రోజుల్లో ష్టుట్‌గార్ట్ పక్కన కాన్‌ష్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ కలిసి వేరే కంపెనీ నడిపేవారు. వాళ్ల కార్లను ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో సంపన్నులకు అమ్మే వ్యాపారి ఎమిల్ యెలినెక్. ఊరుకునే రకం కాదు. బండి బాగాలేదని, వేగం చాలదని కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. 1889లో పుట్టిన తన కూతురి పేరు మెర్సిడెస్ అంటే ఎంత ప్రేమంటే, కారు పందేల్లో తన పేరుకు బదులు ఆ పేరే పెట్టుకునేవాడు. అది స్పెయిన్‌వాళ్ల పేరు. మన భాషలో కృప అనుకోండి.

1900 మార్చిలో నీస్ దగ్గర కొండదారి పందెంలో డైమ్లర్ బండి నడుపుతున్న విల్‌హెల్మ్ బవర్ ప్రమాదంలో చనిపోయాడు. బండి ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ. మలుపులో నిలవలేదు. కంపెనీవాళ్లు పందేలే మానేద్దామనుకున్నారు. యెలినెక్ ఒప్పుకోలేదు. ఎత్తు తగ్గించి, పొడవు, వెడల్పు పెంచి కొత్త బండి చేయండి, 36 బండ్లు నేను కొంటాను, దానికి నా కూతురి పేరు పెట్టండి అన్నాడు. ఆ ఆర్డరు విలువ 5,50,000 మార్కులు, అంటే అప్పటి జర్మనీ డబ్బు. మైబాఖ్ గీసిన ఆ 35 అశ్వశక్తుల కారు అదే ఏడాది డిసెంబరులో చేతికొచ్చింది. ముందుభాగాన ఇంజన్ నీళ్లను చల్లబరిచే, తేనెపట్టులాంటి రేడియేటర్, నేలకు దగ్గరగా ఒళ్లు. 1901 మార్చిలో నీస్ పందేల్లో దాని ముందు మిగతావి నిలవలేదు. అంతవరకు కారంటే గుర్రం విప్పేసిన బండి. కారుకు కారు రూపం వచ్చింది అప్పుడే అని నా నమ్మకం. కొనేవాడి సణుగుడుకు ఎంత బలముందో చూశారా! 1902లో ఆ పేరును కంపెనీ తన వాణిజ్య చిహ్నంగా నమోదు చేసుకుంది. మరుసటి ఏడాది యెలినెక్ తన ఇంటిపేరునే యెలినెక్-మెర్సిడెస్‌గా మార్చుకున్నాడు. మన దగ్గర ఇంటిపేరు తండ్రి నుంచి బిడ్డకు దిగుతుంది. ఆయన దగ్గర ఎదురెక్కింది. పాపం ఆ అమ్మాయి మాత్రం 1929లో, 39 ఏళ్లకే వియన్నాలో పోయింది.

నక్షత్రం 1909లో వచ్చింది. నేల, నీరు, గాలి మూడింటా తమ ఇంజన్లే నడవాలన్న ఆశకు అవి మూడు కొసలు. డైమ్లర్, బెంజ్ కంపెనీలు 1926లో ఏకమయ్యాయి. విచిత్రమేమిటంటే డైమ్లరూ, కార్ల్ బెంజూ అంత దగ్గర ఊళ్లలో పనిచేసి కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు ఆధారమే లేదు.

ఒక చెడ్డ కాలం గురించి కూడా చెప్పాలి. దాచిపెడితే రేపు మీరే చదివి నన్ను నిలదీస్తారు. హిట్లర్ ఊరేగింది ఈ కంపెనీ పెద్ద కార్లలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఫ్యాక్టరీలు సైన్యానికి పనిచేశాయి. 1944 నాటికి అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది బలవంతంగా పట్టుకొచ్చినవాళ్లు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్లు. బండికి యజమాని కావడం వేరు, మనిషికి యజమాని కావడం వేరు. కంపెనీ 1988లో ఆ బాధితుల కోసం 2 కోట్ల మార్కులు ఇచ్చింది. యుద్ధం ముగిసి నలభై ఏళ్లు దాటాక. అప్పటికి ఎందరు మిగిలి ఉంటారు?

అదే కంపెనీలో బేలా బరేన్యి అనే ఇంజనీరు ఉండేవాడు. గుద్దుకున్నప్పుడు బండి ఎంత గట్టిగా ఉంటే లోపలి మనిషికి అంత క్షేమం అని అందరూ నమ్మే రోజుల్లో, కాదన్నాడు. చెట్టు మీది నుంచి పడ్డ కొబ్బరికాయ ఎందుకు పగలదో ఆలోచించండి. పీచు నలిగి దెబ్బను తాను తీసుకుంటుంది, లోపలి చిప్ప నిలుస్తుంది. కారు ముందూ వెనకా పీచులా నలగాలి, మనుషులు కూర్చునే చోటు చిప్పలా నిలవాలి అన్నది ఆయన లెక్క. 1951లో పేటెంటు కోరాడు, 1959లో ఆ పద్ధతిలో చేసిన కార్లు రోడ్డెక్కాయి. మీ నాన్న కొన్న కారుతో సహా ఇప్పుడు ఏ కారైనా ఆ లెక్క ప్రకారమే నలుగుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులను 1978లో తమ పెద్ద కారులో పెట్టినవాళ్లూ వీళ్లే.

నాకు ఇష్టమైన యజమాని ఇంకొకాయన ఉన్నాడు. గ్రీసు దేశపు టాక్సీ డ్రైవరు. ఆయన 1976 నాటి 240డి కారు 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది. భూమి చుట్టూ నూటపదిహేను చుట్లు! ఒకే ఇంజన్‌తో కాదు సుమా, ఇంజన్లు మార్చుకుంటూ. 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆ తరం కార్లను జర్మనీలో సామాన్యులు ఎరిగింది చాలావరకు టాక్సీలుగానే. మనం ఇక్కడ హోదా అనుకుంటున్నది అక్కడ మీటరు వేసుకుని రైల్వే స్టేషన్ ముందు నిలబడేది.

ఇప్పుడు మన బండి సంగతి. 1995లో పూణేలో ఈ-క్లాస్ కార్లను బిగించడం మొదలుపెట్టారు. మనది ఆ తర్వాతి ఏడాదిది, అయిదు సిలిండర్ల డీజిల్. నేను కొన్నది 2007లో, రిటైరై పీఎఫ్ డబ్బు చేతికొచ్చాక, ఒక కొత్త చిన్న కారు ధరకు. చిన్నవాడా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. కొనడానికి డబ్బున్నవాళ్లం కానక్కర్లేదు. ఉంచుకోవడానికి మాత్రం ఉన్న డబ్బంతా చాలదు.

మొదటి ఏడాది నేను చేసిన బుద్ధితక్కువ పని చెబుతాను. రేడియేటర్‌లో కూలెంట్, అంటే తుప్పు పట్టకుండా చూసే మందు, కలిపిన నీళ్లు పోయాలని మెకానిక్ చెప్పాడు. దాని ధర విని, ఏ నీళ్లయితే ఏమిటిలే అని బోరు నీళ్లు పోశాను. బోరు నీళ్లలోని ఉప్పు సన్నటి గొట్టాల్లో గారలా పేరుకుంది. ఆ ఇంజన్‌కు కింది దిమ్మ ఇనుము, పైది అల్యూమినియం. కూలెంట్ లేని నీళ్లలో రెండు లోహాలూ కలిసి ఉంటే తుప్పు త్వరగా తింటుంది. మే నెలలో విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. రెండు దిమ్మల మధ్య సందు లేకుండా బిగించే గ్యాస్కెట్ కాలిపోయింది. బండిని లారీ వెనక కట్టుకుని హైదరాబాద్ తెచ్చాం. స్పేర్లు రావడానికి ఆరు వారాలు, బిల్లు బండి కొన్న ధరలో పావు వంతు. "ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు ఉంది మీ వరస" అంది నానమ్మ. బెర్తా దారిలో దొరికిన నీళ్లు పోసినా చెల్లింది, నాకు చెల్లలేదు.

ఆ ఆరు వారాలూ రోజూ షెడ్డుకు వెళ్లి కూర్చున్నాను. ఆ ముసలి మెకానిక్ విప్పిన ప్రతి బోల్టునూ వరసగా పాత దినపత్రిక మీద పేర్చి, దేని పక్కన దాని స్థానం రాసుకునేవాడు. ఇంజన్ గురించి నాకు తెలిసినదంతా ఆ దినపత్రిక మీద నేర్చుకున్నదే. అప్పటి నుంచి పదివేల కిలోమీటర్లకు ఆయిల్, రెండేళ్లకోసారి కూలెంట్ మార్పిస్తూ, తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కూడా పొడిగించుకోవాలి.

సుఖాలూ ఉన్నాయి. తాళం తిప్పగానే చిన్న చుట్టలా ఒక దీపం వెలుగుతుంది, ఇంజన్ లోపల వేడి పుట్టి ఆ దీపం ఆరేదాకా ఆగాలి. చలికాలం పొద్దున ఆ నాలుగు క్షణాలు నాకు ధ్యానం. వానలో ఉన్న ఒక్క వైపరూ ముందుకూ వెనక్కూ చాచుకుంటూ అద్దం మూలమూలా తుడుస్తుంటే, ఒంటిచేతి మనిషి ముగ్గు వేస్తున్నట్టు ఉంటుంది. ఇక తలుపు వేసిన చప్పుడు, దాన్ని వినాల్సిందేగాని రాయలేను.

దసరా సెలవులకు తప్పక రండి. కూలెంట్ మార్చే గడువు ఈసారి అక్టోబరులో పడింది. కొలత గ్లాసు అక్క పట్టుకోవాలి, నోటు పుస్తకంలో తేదీ చిన్నవాడు రాయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా మాత్రం ఎవరూ కూలెంట్ పోసేచోటి మూత ముట్టుకోకూడదు. లోపలి నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, తీసిన మరుక్షణం మొహం మీదికి చిమ్ముతాయి. కుంకుమ భరిణ ముత్తాతదే, బీరువాలో ఉంది.

ఆశీస్సులతో,
తాతయ్య